నా చేతుల్లోకి తిమ్మిరి ఎక్కడి నుంచి వచ్చింది

సూది నా బొటనవేల్లో గుచ్చుకుని నిలబడి ఉందన్న సంగతి నా భార్య సావిత్రి అరిస్తే తెలిసింది. నేను ఒక చర్చి పాస్టరు గారి తెల్లకోటుకి గుండీలు కుడుతున్నాను. కోటు ముందుభాగం మీద మూడు ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. నొప్పి మాత్రం లేదు. వేలి వైపు చూస్తే ఇంకెవరిదో వేలు తెచ్చి నా చేతికి అతికించినట్టుంది.

"లత నాన్నా, ఏం చేస్తున్నావు? రక్తం కారుతోంది!"

"కారుతోందా?" అన్నాను.

నా పేరు అప్పన్న. ఫిజీ దేశంలో లబాసా బజారులో టైలర్ని. మా తాత చెరకు తోటల్లో పని చేయడానికి ఒప్పందం మీద విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. మా నాన్న తనకు వచ్చిన నాలుగు తెలుగు అక్షరాలు మాకూ నేర్పాడు. ఇంట్లో, కొట్లో మేం మాట్లాడుకునేది ఫిజీ హిందీ. ఆ మాటలన్నీ ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. మా అక్కతో మాత్రం తెలుగే. నా రాతలో అక్షర దోషాలను సువాలో ఉండే మా తెలుగు మాస్టారు దిద్దిపెట్టారు. మిగతా తప్పులన్నీ నావే.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు నేను కుట్టు నేర్చుకుంటున్నాను. బడిపిల్లలు ఊపడానికి లేత నీలం గుడ్డ జెండాలకు అంచులు కుట్టడమే నా మొదటి పని. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు నా చేతులు నన్ను ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు. అందుకే అవి ఎదురు తిరిగినప్పుడు ఏం చేయాలో తెలియలేదు. అప్పుడు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనుకున్న సంగతులు కొన్ని ఉన్నాయి. అవి చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాస్తే నా గందరగోళం కూడా కొంత తగ్గుతుందేమోనని ఆశ.

జూన్ నెల

చక్కెర మిల్లు ఆడటం మొదలై, చెరకు లారీలు బజారులో బారులు తీరిన నెల అది. ఉదయం లేచేసరికి కుడిచెయ్యి తిమ్మిరెక్కి ఉండేది. దాని మీద పడుకున్నాననుకుని విదిలించేవాణ్ణి. కాసేపటికి చీమలు పాకినట్టయి, మంటెత్తి, తర్వాత సర్దుకునేది. నెల తిరిగేసరికి ఎడమచేతికీ అదే వచ్చింది. మిషను తొక్కుతూ మధ్యలో ఆగి రెండు చేతులూ నీళ్ళు దులుపుకున్నట్టు దులుపుకునేవాణ్ణి. కొట్టుకొచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఒకటి మాత్రం నాకు మొదటి నుంచీ వింతగా ఉండేది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారేవి. ఉంగరపు వేలు సగమే మొద్దుబారేది. చిటికెనవేలు మాత్రం శుభ్రంగా పనిచేసేది. చెయ్యంతా ఒక్కటే కదా, జబ్బు వేళ్ళను లెక్కపెట్టి ఎందుకు పట్టుకుంది? ఈ మాట అడిగితే ఎవరూ పట్టించుకోలేదు.

కారణాలు మాత్రం అందరి దగ్గరా ఉన్నాయి. సావిత్రి యాంగోనా వల్లనే అంది. శనివారాలు నేను స్నేహితులతో కూర్చుని మత్తెక్కించే ఆ వేరు పొడి కలిపిన నీళ్ళు తాగేవాణ్ణి. అది ఎక్కువగా తాగేవాళ్ళకి చర్మం మందమై పొలుసులు లేస్తుంది. నా చర్మం కూడా మందమైంది, జిడ్డుగా కూడా తయారైంది. సరేనని మానేశాను. తిమ్మిరి పోలేదు. ఎముకలు సర్ది మర్దన చేసే ఒక ముసలమ్మ వాతం అంది. కొబ్బరినూనె పెట్టి మోచేతి నుంచి కిందికి తోమింది. తోమినంతసేపు బాగుండేది. ఊళ్ళో ప్రైవేటు డాక్టరు షుగరు ఉందేమోనని పరీక్ష చేశాడు. లేదు.

"ఇన్నేళ్ళు కత్తెర పట్టుకున్నావు. చేతికి విశ్రాంతి కావాలి, అంతే," అన్నాడు.

నాకు అది న్యాయంగానే తోచింది. అయితే నాకు పని నేర్పిన గురువు నా రెండింతల కాలం కత్తెర పట్టాడు. పోయే వారం వరకూ ఆయన కాజాలు కుట్టాడు. ఆయనకు రాని జబ్బు నాకెందుకు వచ్చిందని డాక్టరుని అడగలేకపోయాను. బయట బెంచీ మీద ఇంకో పదిమంది కూర్చుని ఉన్నారు.

ఆ రోజుల్లో జరిగినవి ఇంకొన్ని ఉన్నాయి. అప్పుడు వాటికీ చేతులకీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. పెళ్ళినాటి ఉంగరం బిగుసుకుపోతే కంసాలి దగ్గరికి వెళ్ళి కోయించుకున్నాను. ఒళ్ళు చేశాను కాబోలు అనుకున్నాను. ఎనిమిదో నంబరు చెప్పులు తొడిగే కాళ్ళకి పదో నంబరు పట్టింది. కొత్తరకం చెప్పులు చిన్న కొలతతో చేస్తున్నారని కొట్టువాడితో వాదించాను. గొంతు బరువెక్కింది. ముందు పళ్ళ మధ్య సందు వచ్చింది. ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసిపోయేది. నా గురకకి సావిత్రి పిల్లల గదిలోకి మారింది. తలనొప్పి వస్తే కళ్ళద్దాలు మార్చాలనుకున్నాను.

ఊళ్ళోవాళ్ళేమో మెచ్చుకునేవాళ్ళు. "బాగా ఒళ్ళు చేశావు అప్పన్న భాయ్, కొట్టు బాగా నడుస్తున్నట్టుంది!" అనేవాళ్ళు. ఒక కైవీతీ, అంటే ఈ దీవుల మూలవాసి, పెద్దమనిషి సులు కుట్టించుకోవడానికి వచ్చాడు. సులు అంటే ఇక్కడి మగవాళ్ళు ఆఫీసుకీ చర్చికీ కట్టుకునే, జేబులున్న పంచె. ఆయన నాతో చెయ్యి కలిపి, "ఇది టైలరు చెయ్యా, రగ్బీ ఆటగాడి చెయ్యా?" అన్నాడు. నేను గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది.

వానల కాలం

పాస్టరు గారి కోటు పాడైన మర్నాడు డాక్టరు మాట విని కత్తెర పక్కన పెట్టాను. కత్తిరింపు పని సావిత్రి తీసుకుంది. ఆమె అంతకు ముందు జాకెట్లు, పిల్లల గౌన్లు కుట్టేది. మగవాళ్ళ కోటు ఎప్పుడూ కత్తిరించలేదు. నేను బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని నోటితో చెప్పేవాణ్ణి, ఆమె చేసేది.

మా ఇంట్లో చెడ్డ రోజులంటే అవే. చేతులు ఊరుకుంటే నోరు ఊరుకోదని నాకు అప్పుడు తెలిసింది. ఒకరోజు ఆమె ఊలు గుడ్డని నేతకు అడ్డంగా కత్తిరించింది. నేను అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. మా అమ్మాయిలు లత, ఉమ పుస్తకాలు సర్దుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయారు.

సావిత్రి కత్తెర బల్ల మీద పెట్టి, "నువ్వు ఇలా ఉండేవాడివి కాదు," అంది. "చేతుల సంగతి కాదు నేననేది. నాతో ఎవరు మాట్లాడుతున్నారో నాకు అర్థం కావడం లేదు."

కోపంలో అన్న మాట అనుకున్నాను. ఆమె ఉన్నదున్నట్టు చెప్పిందని గ్రహించడానికి చాలా నెలలు పట్టింది.

ఐదు నెలలు సూది ముట్టలేదు. పని వల్ల వచ్చిన జబ్బయితే పని మానితే తగ్గాలి. తగ్గకపోగా పెరిగింది. బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగి గుంట పడింది. టీ కప్పు జారేది. తాళంచెవి తిప్పలేకపోయేవాణ్ణి. చొక్కా గుండీలు లతే పెట్టేది. కొన్ని వేల చొక్కాలకి కాజాలు కుట్టినవాణ్ణి, నా చొక్కా నేను వేసుకోలేకపోయాను.

ఇక ఈ చేతులు తిరిగిరావేమో, సావిత్రీ పిల్లలూ నన్ను మోయాల్సి వస్తుందేమోనన్న భయం పట్టుకుంది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి "కాస్త నయం" అనేవాణ్ణి.

సువా, ఏప్రిల్

మా డాక్టరు చీటీ రాసిస్తే చిన్న విమానం ఎక్కి పక్క దీవిలో రాజధాని సువాలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళాను. సావిత్రి కొట్టు చూసుకోవాలి కాబట్టి ఒక్కణ్ణే వెళ్ళాను. బయట గదిలో పొడుగాటి బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. ఎదురుగా నిండు గర్భిణి ఒకామె ఉంది. ఉన్నట్టుండి ఆమె రెండు చేతులూ కిందికి వేలాడేసి టపటపా దులిపింది. అచ్చం నాలాగే. నేను అప్పుడే నా చేతులు దులుపుతున్నాను. ఒకరినొకరు చూసుకుని ఇద్దరం నవ్వేశాం.

"నీక్కూడానా భయ్యా?" అంది ఆమె. "నర్సు చెప్పింది, కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో నీరు చేరి చేతులిలా అవుతాయట. కాన్పు అయ్యాక పోతాయట."

"మరి నాకు కాన్పు ఎప్పుడో!" అన్నాను. బెంచీ అంతా నవ్వింది. లోపల మాత్రం నా గందరగోళం ఇంకా పెరిగింది. ఆమె కత్తెర పట్టిన మనిషి కాదు. ఆమెకూ నాకూ ఒకే జబ్బు ఎలా వస్తుంది?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పినావిడ డాక్టర్ లితియా. కైవీతీ అమ్మాయి, చదువు పూర్తి చేసుకుని ఏడాదో రెండేళ్ళో అయింది. శుభ్రంగా ఫిజీ హిందీ మాట్లాడుతుంది. "కా భయ్, అప్పన్న భయ్యా?" అని ఏమైందో అడుగుతూ వచ్చి, నా చెయ్యి వెల్లకిలా పెట్టి, మణికట్టు మీద పెన్నుతో రెండు గీతలు గీసింది.

"ఇక్కడ ఒక సొరంగం ఉంది. మూడు వైపులా ఎముకలు. పైకప్పుగా గట్టి పట్టీ. ఇందులోంచి వేళ్ళను ముడిచే తాళ్ళలాంటివి తొమ్మిది వెళ్తాయి. వాటి మధ్య ఒకే ఒక నరం. ఆ సొరంగం సాగేది కాదు. లోపల ఏది వాచినా నలిగేది ఆ నరమే. బొటనవేలి నుంచి ఉంగరపు వేలి సగం దాకా స్పర్శ దానిదే."

"మరి చిటికెనవేలు?"

"దాని నరం వేరే దారిలో పోతుంది. ఈ సొరంగంలోకి రాదు."

పది నెలలుగా అడుగుతున్న ప్రశ్నకి అంత చిన్న జవాబు! నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ జబ్బుని కార్పల్ టనెల్ అంటారని చెప్పింది. లోపల వాపు ఎందుకు వస్తుందని అడిగాను. గర్భిణులకి నీరు చేరి వస్తుందంది. గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి మందగించినా, షుగరున్నా, కీళ్ళవాతమున్నా, ఎప్పుడో మణికట్టు ఎముక విరిగి వంకరగా అతుక్కున్నా వస్తుందంది. కొందరికి పుట్టుకతోనే సొరంగం ఇరుకట. చేతిపని ఉన్న ఇబ్బందిని పెంచుతుందిగాని, చాలామందిలో పని ఒక్కటే కారణం కాదట.

"నాకు వీటిలో ఏది?"

ఆమె కాగితాలు తిరగేసింది. "షుగరు లేదు. థైరాయిడ్ బాగానే ఉంది. మీ ఎముక విరగలేదు. గర్భిణి కాదు." కాస్త నవ్వి, వెంటనే మానేసింది. "తెలియడం లేదు. ముందు నరాన్ని విడిపిద్దాం."

కుడిచేతికి ఆపరేషన్ చేశారు. పెద్ద సర్జను ఆ గట్టి పట్టీని కోసి నరానికి చోటిచ్చాడు. ఆ మర్నాడు ఉదయం చెయ్యి నొప్పితో లేచింది. తిమ్మిరి లేదు, ఉన్నది అసలైన నొప్పి. నాకది ఎంత సంతోషమో పక్క మంచం మీది జోనేకి చెప్పలేకపోయాను. జోనే వంతెనల పనిలో కాలు విరగ్గొట్టుకుని వచ్చిన కైవీతీ, తలుపంత మనిషి. రోజూ ఉదయం చంకకర్రల మీద నా మంచం దాకా వచ్చి, మొరటు వేళ్ళతో ఓపికగా నా చొక్కా గుండీలు పెట్టేవాడు. పైదొకటి ఎప్పుడూ తప్పు కాజాలో పెట్టేవాడు. నేను దిద్దలేదు.

మా అక్క

మూడో రోజు మా అక్క నర్సమ్మ వచ్చింది. ఆమె నాందీ దగ్గర సబేటోలో ఉంటుంది. వాళ్ళది చెరకు పొలం. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మధ్యలో సముద్రం, ఇద్దరికీ పనులు. కలుసుకుని ఆరేళ్ళయింది.

ఆమె వార్డులోకి రావడం చూశాను. చేతిలో టిఫిన్ క్యారియర్. ఒక్కో మంచమూ చూసుకుంటూ వచ్చింది. నా మంచం చూసింది. నా ముఖం చూసింది. దాటి వెళ్ళిపోయింది.

చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చి జోనేని హిందీలో అడిగింది. "బాబూ, ఇక్కడ లబాసా టైలరు అప్పన్న ఉండాలి. ఏ మంచం?"

జోనే నన్ను చూపించి, "ఇదిగో, ఇతనే," అన్నాడు.

అక్క నవ్వలేదు. క్యారియర్ నేల మీద పెట్టింది.

"అక్కా, నేనే," అన్నాను.

"గొంతు కూడా మా తమ్ముడిది కాదు," అంది జోనేతో, హిందీలోనే. దగ్గరికి వచ్చి రెండు చేతులతో నా ముఖం పట్టుకుంది. దవడ తడిమింది, కనుబొమల ఎముక తడిమింది, ముక్కు తడిమింది. "ఒరే అప్పన్నా, ఏటిరా ఇది? నీ మొగం ఏటైపోనాది? ఈ దవడ ఎవులిది? నాను పెంచినోడి మొగం నాకు తెల్దా? ఇది ఒళ్ళు సెయ్యడం కాదురా. సావిత్రి సూడలేదా?"

"రోజూ చూస్తూనే ఉంది, అక్కా," అన్నాను.

అద్దంలో నేనూ రోజూ చూస్తున్నాను. రోజూ చూసేవాళ్ళకి ఏమీ కనబడలేదు. ఆరేళ్ళకి చూసిన మనిషి గుర్తుపట్టక దాటిపోయింది. అక్క ఏడుస్తోంది. నేనెవరినో నాకే అనుమానమొచ్చినట్టు కాసేపు నా చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాను.

డాక్టర్ లితియా అప్పుడే వార్డులో తిరుగుతోంది. అక్క లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "డాక్టరమ్మా, ఇతని ముఖం చూడు. ఇది మా తమ్ముడి ముఖం కాదు," అని హిందీలో అంది.

ఇంకెవరైనా ఉంటే పల్లెటూరి మనిషి మాటని కొట్టిపారేసేవాళ్ళేమో. ఈ అమ్మాయి నా మంచం మీద కూర్చుని, కొత్త మనిషిని చూసినట్టు నన్ను చూసింది. తర్వాత అడగడం మొదలుపెట్టింది. ఉంగరం? కోయించాను. చెప్పులు? రెండు నంబర్లు పెరిగాయి. పళ్ళ మధ్య సందు ఎప్పటి నుంచి? చెమట? గురక? తలనొప్పి? పక్కనుంచి వచ్చేవాళ్ళు సరిగ్గా కనబడుతున్నారా? ప్రతిదానికీ నా దగ్గర ఒక సంజాయిషీ ఉంది. చెప్పులవాడి తప్పు, ఫ్యాను తప్పు, కళ్ళద్దాల తప్పు. చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను.

"ఇవన్నీ ముందే ఎందుకు చెప్పలేదు, భయ్యా?"

"చేతుల కోసం కదా వచ్చింది," అన్నాను.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పాలనుకున్నది ఇదే. చేతికి జబ్బు వచ్చి వెళ్ళినా, కాలి సంగతి, ముఖం సంగతి, నిద్ర సంగతి అన్నీ డాక్టరుకి చెప్పండి. నేను ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి చెప్పాను. కంసాలికి ఉంగరం, చెప్పుల కొట్టులో కాళ్ళు. అన్నీ కలిపి ఎవరికీ చెప్పలేదు.

తల ఎక్స్-రే తీశారు. రక్తం తీసి పరీక్షకి విదేశానికి పంపారు. ఎక్స్-రే వెలుతురుకి పట్టుకుని లితియా చూపించింది. ముక్కు వెనక, కళ్ళకి మధ్య, పిట్యూటరీ అనే గ్రంథి ఉంటుందట. బఠాణీ గింజంత. అది కూర్చునే ఎముక గుంట నా తలలో వెడల్పైపోయింది. ఆ గ్రంథిలో ఒక గడ్డ పెరిగి, పిల్లల్లో ఎదుగుదలకి పనిచేసే రసాన్ని నా ఒంట్లోకి ఆపకుండా వదులుతోందట. పెద్దవాళ్ళు పొడుగు పెరగరు కాబట్టి చేతులు, కాళ్ళు, దవడ, నాలుక మందమవుతాయి. మణికట్టు సొరంగంలో ఉన్నవీ వాస్తాయి. నరం నలుగుతుంది.

"చేతికి వచ్చిన తిమ్మిరి తలలోంచి వచ్చిందంటావా?" అని అడిగాను.

"నాకు అలాగే అనిపిస్తోంది. రక్తం ఫలితం వస్తే గట్టిగా చెప్పగలను."

అక్కకి తెలుగులో చెప్పబోయాను. నాకే అర్థం కాని సంగతి. "తలలో బఠాణీ గింజ చెడిపోయిందట అక్కా, అందుకు చేతులు పోయాయట," అన్నాను. అక్క నా నుదురు మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమోనని చూసింది.

సబేటో, తర్వాత ఆక్లాండ్

ఫలితం రావడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ సబేటోలో అక్క ఇంట్లో ఉన్నాను. ఎదురుగా కొండలు, చుట్టూ చెరకు. బావ ఉదయం పొలానికి వెళ్తే నేను వసారాలో కూర్చునేవాణ్ణి. గడ్డ అంటే ఏ రకం గడ్డ? ప్రాణం పోతుందా? చూపు పోతుందా? ఇన్నాళ్ళు నేను అరిచిన అరుపులు నావా, ఆ గడ్డవా? నావి కాకపోతే బాగుండునని ఒకసారి అనుకునేవాణ్ణి. నావి కాకపోతే మరి నేనెవరిని అని ఇంకోసారి భయపడేవాణ్ణి.

ఆదివారం సావిత్రి అక్క ఇంటికి ఫోను చేసేది. ఒకసారి అంది, "నేను రోజూ నీ పక్కనే ఉన్నాను. నాకు కనబడలేదు. నీ జబ్బుకి యాంగోనా అని, నీ కోపానికి పొగరు అని పేరు పెట్టాను."

"నాకే కనబడలేదు," అన్నాను. "నువ్వు కోటు కత్తిరించావా?"

"రెండు. ఒకటి బాగా వచ్చింది."

గడ్డ మంచిరకమే, ఒళ్ళంతా పాకేది కాదు, కాని తీసేయాలన్నారు. ఆ ఆపరేషన్ ఇక్కడ చేయరు. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ వెళ్ళడానికి ప్రభుత్వమే ఏర్పాటు చేసింది. నన్ను సాగనంపడానికి నాందీ విమానాశ్రయానికి సావిత్రి లబాసా నుంచి వచ్చింది. ఆమె నా దవడ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుని, మళ్ళీ కావాలని తిప్పి చూసింది.

ముక్కులోంచి వెళ్ళి గడ్డ తీస్తామని చెప్పారు. చేతి జబ్బుకి ముక్కులో ఆపరేషన్! నవ్వు వచ్చింది, భయమూ వేసింది. మత్తు దిగాక ముక్కు నిండా దూది, నోటితోనే ఊపిరి, గొంతంతా ఎండిపోయింది. నర్సు ఒకామె తడిగుడ్డతో నా పెదవులు తడుపుతూ కూర్చుంది. ఆమె పేరు కూడా అడగలేకపోయాను.

నాలుగో రోజో ఐదో రోజో, ఎడమచెయ్యి పిడికిలి పట్టి చూశాను. పట్టుకుంది. ఆ చేతికి ఎవరూ ఆపరేషన్ చేయలేదు, పట్టీ కోయలేదు. వేళ్ళు వదులయ్యాయి, అరచేతి చర్మం మీద ముడత కనిపించింది. దుప్పటి అంచు పట్టుకుని బొటనవేలితో చూపుడువేలితో నలిపాను. నూలు. పోగులు ఎటు పోతున్నాయో వేళ్ళకి తెలుస్తోంది. నర్సుని పిలిచి, "ఇది నూలు గుడ్డ," అన్నాను. ఆమె అవునంది. మందు మత్తులో ఉన్నాననుకుందేమో, దుప్పటి సర్ది వెళ్ళింది.

ఇప్పుడు

ఇది జరిగి మూడేళ్ళు. గురక పోయింది. చెమట తగ్గింది. ముఖంలో వాపు దిగింది కాని ఎముక దిగలేదు. పెరిగిన ఎముక వెనక్కి రాదట. దవడ ఇలాగే ఉంటుంది, పళ్ళ సందు ఇలాగే ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు మాత్రం "చిక్కిపోయావు, ఆరోగ్యం బాగోలేదా?" అని అడుగుతున్నారు. ఏమని చెప్పను?

మిషను మళ్ళీ తొక్కుతున్నాను. కుడి బొటనవేలి కండ పూర్తిగా రాలేదు కాబట్టి బరువు కత్తెర సావిత్రిదే. కోట్లు ఆమె నాకంటే పొందికగా కత్తిరిస్తోంది.

చేతులు తిమ్మిరెక్కేవాళ్ళు ఇప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. మొన్న ఒక టీచరమ్మ వచ్చి, తన తలలోనూ గడ్డ ఉందేమోనని ఏడ్చింది. ఆమెకి థైరాయిడ్ మందగించిందని తర్వాత తేలింది. మాత్రలతో తగ్గింది. నాకు వచ్చినది చాలా అరుదు. నా జబ్బుని ఎవరూ తమదనుకోకండి. చేతి పని వల్లేనని ఎవరైనా అంటే అదీ పూర్తిగా నమ్మకండి. అడగండి.

పోయినేడు సువాలో పరీక్షకి వెళ్ళినప్పుడు లితియాని అడిగాను. "గడ్డ వల్ల చేతులు పోయాయి, సరే. గడ్డ ఎందుకు వచ్చింది? నేనేం తిన్నాను, ఏం చేశాను?"

"మీరేం చేయలేదు. ఎందుకు వస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు, భయ్యా."

మళ్ళీ రావచ్చు అని కూడా చెప్పింది. రక్తం విదేశానికి పంపి ఫలితం వచ్చేదాకా వారాలు గడుస్తాయి. ఆ వారాలు సావిత్రి తట్టుకోలేకపోయింది. అందుకని ఆమే ఒక పద్ధతి పెట్టింది. ప్రతి నెలా మొదటి ఆదివారం టీ తాగాక నన్ను స్టూలు మీద కూర్చోబెడుతుంది. టేపు తీసి నా ఉంగరపు వేలు, అరచేయి, పాదం, తల, దవడ ఒకదాని తర్వాత ఒకటి కొలుస్తుంది. లత పుస్తకంలో రాసి, పోయిన నెల అంకెతో పోల్చి చూస్తుంది. లితియాకి చెబితే నవ్వింది. మానేయమని మాత్రం అనలేదు.

ఈ నెలా కొలిచింది. టేపు దవడ చుట్టూ తిప్పి, నా ముఖానికి తన ముఖం బాగా దగ్గరగా పెట్టి, అంకె చూసింది. ఆమె మళ్ళీ ఒకసారి కొలిచింది.

"అంతే ఉంది," అంది.